ఎన్ని ఊళ్లు అని అడిగేవాళ్లకు

మా సంఘం దగ్గరికి బయటినుంచి ఎవరు వచ్చినా మొదట అడిగేది ఒకటే. "మీరు ఎన్ని గ్రామాల్లో పనిచేస్తున్నారు?" తొమ్మిది అంటాం. వచ్చినాయన రాసుకుంటాడు. రాసుకుని, ఇంకేమైనా చెబుతామేమోనని మా మొహాలు చూస్తాడు. ఆ తొమ్మిది ఊళ్లలో ఏం జరుగుతోందో, ఎవరు నడుపుతున్నారో, నడిపేవాళ్లు వచ్చే ఏడు ఉంటారో ఉండరో అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఈ వానాకాలంలో ఒక కంపెనీ ఫౌండేషన్ నుంచి ఇద్దరు వచ్చారు. చెడ్డవాళ్లు కారు. బురదలో నాలుగు కిలోమీటర్లు నడిచి కొలాంగూడకు వచ్చి, రాత్రి ఎనిమిది దాకా మా సాయంత్రం బడిలో పిల్లల మధ్య కూర్చున్నారు. పిల్లలు తమ భాషలో లెక్క చెప్పుకుని, అదే లెక్కను తెలుగులో పలక మీద రాయడం చూసి నిజంగానే సంతోషపడ్డారు. పోయేముందు ఒక మాట అన్నారు. వచ్చే ఏప్రిల్ నుంచి దీన్ని అరవై ఊళ్లకు పెంచుదాం, మూడేళ్లు డబ్బు మేమిస్తాం అని. ఆ రాత్రి మా సంఘం పిల్లగాళ్లకు సంతోషంతో నిద్ర పట్టలేదు. నాకు భయంతో పట్టలేదు.

దండారి పండుగ అయిపోయాక సంఘం కూర్చుని వాళ్లకు జవాబు చెప్పాలి. ఆ కూర్చున్న చోట నేను చెప్పబోయే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇది మా ఒక్క సంఘం గొడవే అయితే ఈ పుస్తకంలో చోటు అడిగేవాణ్ణి కాను. ఉట్నూరు నుంచి భద్రాచలం, పాడేరు, సీతంపేట దాకా ఆదివాసులు సొంతంగా పెట్టుకున్న చిన్న సంఘాల గుమ్మాల్లోకి ఇదే ప్రశ్న ఇదే పద్ధతిలో వస్తోంది. చాలామంది సంతకం పెట్టాకగాని లెక్క వేసుకోవడం లేదు.

ముందు మా లెక్క చెబుతాను. దాచుకోవడానికేమీ లేదు. ఆరు గోండు గూడేలు, మూడు కొలాం గూడేలు. ప్రతి గూడెంలో ఆ గూడెం మనిషే ఒకరు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల్ని కూర్చోబెడతారు. వాళ్లకు నెలకు రెండు వేలు ఇస్తాం. తొమ్మిది మందికి పద్దెనిమిది వేలు. పుస్తకాలు, లాంతర్లు, పోనురాను ఖర్చులు ఇంకో మూడు వేలు. మొత్తం ఇరవై ఒక్క వేయి. ఇది ఎక్కడినుంచి వస్తుంది? మాలో ఉద్యోగాలున్న ముప్పై నాలుగు మందిమి, టీచర్లు, నర్సమ్మలు, ఒక ఫారెస్టు గార్డు, ఇద్దరు కండక్టర్లు, తలా అయిదు వందలు వేస్తాం. పదిహేడు వేలు. తొమ్మిది గూడేల్లో కలిపి మూడు వందల అరవై ఇళ్లు. పత్తి అమ్మినాక ఇంటికి రెండు వందల చొప్పున ఇస్తారు. ఏడాదికి డెబ్బై రెండు వేలు, అంటే నెలకు ఆరు వేలు. రాబడి ఇరవై మూడు వేలు, ఖర్చు ఇరవై ఒకటి. నెలకు రెండు వేలు మిగులుతుంది. పత్తి దెబ్బతిన్న ఏడు అదీ మిగలదు. ఆరేళ్లలో బ్యాంకులో లక్షా అయిదు వేలు పడింది. రేపు ఎవరూ ఒక్క రూపాయి వేయకపోయినా తొమ్మిది బడులు అయిదు నెలలు నడుస్తాయి. ఇది చూసి నవ్వేవాళ్లు ఉంటారు. కోట్లలో నడిచే సంస్థల్లో అయిదు నెలల ఖర్చు చేతిలో పెట్టుకున్నవి ఎన్నో వాళ్లనే అడగండి.

ఇప్పుడు అరవై ఊళ్ల లెక్క. వాళ్లు ఒక్కో మనిషికి అయిదు వేలు అన్నారు. మూడు లక్షలు. పైన సూపర్‌వైజర్లు, జీపు, కంప్యూటరు, ఆఫీసు కిరాయి కలిపితే నెలకు నాలుగు లక్షలకు తగ్గదు. మన సొంత బలం ఇరవై మూడు వేలు. రూపాయిలో ఆరు పైసలు కూడా కాదు. మూడేళ్ల తర్వాత మిగతా తొంభై నాలుగు పైసలు ఎక్కడినుంచి తెస్తాం?

ప్రాజెక్టు కాగితాల్లో చివరి పేజీలో దీనికి ఒక గడి ఉంటుంది. ప్రాజెక్టు ముగిశాక కొనసాగింపు ఎలా అని. అక్కడ అందరూ ఒకటే వాక్యం రాస్తారు, సమాజమే స్వయంగా కొనసాగిస్తుంది అని. ఇచ్చేవాళ్లకు తెలుసు అది ఉత్త మాటని. తీసుకునేవాళ్లకూ తెలుసు. తెలియనిది ఆ సమాజం అనబడే మనకే. మన పేరు మీద ఎవరో రాసిన బాకీ కాగితం అది.

నేను ఊహించి చెప్పడం లేదు. పదిహేనేళ్ల కింద మా మండలంలోకి ఒక సంస్థ వచ్చింది. పేరు అక్కర్లేదు, ఇప్పుడు లేదు కూడా. పన్నెండు ఊళ్లతో మొదలుపెట్టారు. ఆ మొదటి రెండేళ్లు వాళ్లు చేసిన పని మా సర్కారు బడుల్లో మేం చేయలేకపోయిన పని. గోండు పిల్లగాళ్లనే తీసుకుని, వాళ్లతోనే గోండి కథలు రాయించి, పిల్లల చేత చదివించారు. నేను పనిచేసే బడిలో ఒకటో తరగతి పిల్లలు బెదిరిపోకుండా నోరు విప్పింది ఆ ఏడే. ఆ మంచి పని బయట తెలిసింది, పెద్ద నిధి వచ్చింది. పన్నెండు ఊళ్లు నలభై అయ్యాయి, నలభై మూడు మండలాల్లో నూట పది అయ్యాయి.

నూట పది ఊళ్లకు గోండి కథలు రాయగల మనుషులు ఒక్క ఏడాదిలో దొరుకుతారా? దొరకలేదు. అందుకని పట్నంలో ఒకే పుస్తకం అచ్చు వేయించి అన్ని ఊళ్లకూ పంపారు. అదే పుస్తకం గోండు గూడేనికి, అదే కొలాంగూడకు, అదే తోటి ఇళ్లకు. కొలాముల భాష వేరని సంస్థలో తెలిసినవాళ్లు ఉన్నారు, కానీ వేరే పుస్తకం వేయడానికి బడ్జెట్‌లో గడి లేదు. పాట నేర్పిన పిల్లగాళ్లు ఫారాలు నింపేవాళ్లయ్యారు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు, ఫోటో తీశావా, ఫోటోలో బ్యానర్ కనిపిస్తోందా. పై ఆఫీసర్ జీపు దిగి ముందు రిజిస్టరు అడిగేవాడు, పిల్లల్ని తర్వాత చూసేవాడు. ఒకసారి సాయంత్రం నేనే చూశాను. బడి మూసి, టీచర్ పిల్లగాడు చెట్టుకింద కూర్చుని నెల రిపోర్టు రాస్తున్నాడు. పిల్లలు చుట్టూ ఆడుకుంటున్నారు. వాణ్ణి తిట్టాను. తిట్టాల్సింది వాణ్ణి కాదని తర్వాత అర్థమైంది.

ఒక మార్చి 31న నిధి ఆగింది. ఏప్రిల్ ఒకటిన నూట పది ఊళ్లలో ఒక్క లాంతరూ వెలగలేదు. మొదటి పన్నెండు ఊళ్లలో కూడా వెలగలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. పెరగకముందు ఆ పన్నెండు ఊళ్లు తమ బడికి జొన్నలు ఇచ్చేవి, కట్టెలు ఇచ్చేవి, వాన కురిస్తే పటేల్ తన ఇంటి వసారా ఇచ్చేవాడు. డబ్బు వచ్చాక సంస్థవాళ్లే అన్నారు, మీరు ఇవ్వక్కర్లేదు, మాకు బడ్జెట్ ఉంది అని. ఊరి చేయి ఒకసారి వెనక్కి పోయాక మళ్లీ ముందుకు రాదు. పత్తి విత్తనం సంగతి మనకు తెలియనిదా? జొన్న విత్తనం ఇంట్లో బుట్టలో ఉండేది. హైబ్రిడ్ పత్తి వచ్చాక ఏటా దుకాణానికి పోవాలి, అప్పు పెట్టాలి. ఇప్పుడు పాత జొన్న వేద్దామన్నా ఆ విత్తనం దాచిన ఇల్లు ఊరంతా వెతికితే ఒకటి దొరుకుతుంది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. నా దగ్గర చదివిన ఒక పిల్లగాడికి అప్పుడు డీఎడ్ సీటు వచ్చింది. అదే సమయంలో ఆ సంస్థ వాణ్ణి క్లస్టర్ కోఆర్డినేటర్ చేస్తానంది. ఏం చేయమంటావు సార్ అని నన్ను అడిగాడు. మన పిల్లలకు పనిచేసే అవకాశం, ఉండు అన్నాను. ఉన్నాడు. సంస్థ పోయాక ఇప్పుడు ఉట్నూరు, జైనూరు మధ్య ఆటో నడుపుతున్నాడు. ఎప్పుడు ఎక్కినా నా దగ్గర పైసలు తీసుకోడు. అది నాకు శిక్ష.

వాడు డీఎడ్ చేసి ఉంటే ఉద్యోగం వచ్చేదా అంటే, అప్పట్లో దారి ఉండేది. 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన పిల్లల భాష తెలిసిన మనిషి సర్కారు బడికి వస్తాడన్న హామీ అప్పటినుంచి లేదు. అందుకే ఈ సాయంత్రం బడులు నాకు ఇంత ముఖ్యం. ఇవి పోతే మన పిల్లలు తమ మాటలో చదువు వినే చోటు ఇంకొకటి లేదు. ఆట వస్తువుల మీద చేసినట్టు వీటి మీద ప్రయోగాలు చేయనివ్వను.

సర్కారు చేసినా ఇంతే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కొలామి సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. ఎంత మంచి ఆలోచన! వాచకాలు వచ్చాయి. ఆ భాష వచ్చిన టీచర్ ఉన్నచోట నడిచింది, లేనిచోట పుస్తకం బీరువాలో పడింది. మా బడి బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి, చెదలు అంచులు తిన్నాయి.

ఇక కంపెనీల డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అది వాళ్లు మనకు చేసే దానం అనుకుని మనం చేతులు కట్టుకుని నిలబడతాం. చట్టం పెట్టమంటే పెడుతున్నారు. అదే చట్టం కింద ఉన్న నిబంధనల్లో, కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మూడేళ్లకు మించకూడనిది అని ఉంది. ఎంత లాగినా నాలుగేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల అయిదో తరగతి దాటకముందే వాళ్ల గడువు అయిపోతుంది. మళ్లీ ఇస్తారేమో, ఇవ్వరేమో. అది ఆ ఏడు వాళ్ల లాభాన్ని బట్టి, కొత్తగా వచ్చిన ఆఫీసర్ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. పిల్ల చదువుకు అయిదేళ్లు పడుతుందని వాళ్ల కాగితానికి తెలియదు. తెలిసిన మనమే వాళ్లకు చెప్పాలి.

ఇంకో దుర్మార్గం ఉంది. సంచులకు డబ్బు ఇస్తారు, పలకలకు ఇస్తారు, లెక్కలు రాసే మనిషికి ఇవ్వరు. అది పాలనా ఖర్చట, వృథా అట. విదేశీ నిధుల చట్టంలో 2020లో చేసిన సవరణ ఆ ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదనీ అదే సవరణ చెప్పింది. పెద్ద సంస్థలు తట్టుకుంటాయి, వాటికి ఆడిటర్లున్నారు. వాటి చేతిమీదుగా నాలుగు రూపాయలు అందుకునే చిన్న సంఘాలకు దారి మూసుకుపోయింది. మా సంఘానికి విదేశీ డబ్బు ఎప్పుడూ లేదు కాబట్టి ఆ దెబ్బ తగల్లేదు. కానీ లెక్కలు రాసే మనిషి లేక రిజిస్ట్రార్‌కు పంపాల్సిన కాగితం ఒక ఏడాది పంపలేదు. దాన్ని సరిచేసుకోవడానికి ఎన్నిసార్లు తిరిగామో! తొమ్మిది ఊళ్లకే మాకు ఇంత తండ్లాట. అరవై ఊళ్ల రశీదులు ఎవరు చూస్తారు?

బయటివాళ్లను తిట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మనవాళ్లు పెట్టిన సంఘాలు కొన్ని చూశాను. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు చాలు. అధ్యక్షుడు తాను, కార్యదర్శి బామ్మర్ది, కోశాధికారి పెళ్లాం, మిగతా నలుగురికి తాము సభ్యులమని కూడా తెలియదు. ఆదివాసి పేరు, ఆదివాసి ఫ్లెక్సీ, ఆగస్టు 9న ఒక ర్యాలీ. రాయి సెంటర్‌లో సార్‌మేడీ ముందు ఎన్నడైనా తమ పద్దు చదివారా? మనలో తగువు వస్తే పదిమంది పెద్దల ముందు కూర్చుని తేల్చుకునే జాతి మనది. డబ్బు వచ్చేసరికి ఆ పద్ధతి ఎటు పోయింది? మా సంఘం కూడా పునీతమేమీ కాదు. మొదటి రెండేళ్లు మేమూ లెక్క చదవలేదు. కొలాంగూడలో ఒక అవ్వ నిలదీసింది, నా రెండు వందలు ఏం చేసినవ్ మాస్తర్ అని. అప్పటినుంచి ఏటా ప్రతి గూడెంలో వాళ్ల భాషలో చదువుతున్నాం. రెండు వందలు ఇచ్చింది కాబట్టి ఆ అవ్వ అడగగలిగింది. ఫౌండేషన్ డబ్బు గురించి ఆమె ఎవరిని అడుగుతుంది?

మా పిల్లగాళ్ల మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. మొన్న ఒకడు అన్నాడు, "సార్, తొమ్మిది ఊళ్ల పిల్లలే మన పిల్లలా? మీకు నెల జీతం వస్తది, మీరు ఆగమంటరు. మాకు అయిదు వేలంటే ఇంట్ల నూనె, ఉప్పు." ఆ మాట సూటిగా తగిలింది. నిజమే. నాకు జీతం ఉంది. పక్క గూడెం పిల్లలకు బడి లేదు. రెండు వేలకు రాత్రి ఎనిమిది దాకా పనిచేయమనడం నాకూ సిగ్గుగానే ఉంది. తొమ్మిదితో ఆగిపోదామని నేను అనడం లేదు. ఎట్లా పెరగాలన్నదే గొడవ.

మనకు దండారి ఉంది. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరు అన్నం పెడుతుంది, రాత్రంతా ఆడతారు, తెల్లారి గుస్సాడీలు తమ ఊరికి తిరిగి వస్తారు. తర్వాత ఆ ఊరి దండారి ఈ ఊరికి వస్తుంది. ఎన్ని ఊళ్లు తిరిగినా ఏ ఊరి డప్పు ఆ ఊరిదే, ఏ ఊరి నెమలి టోపీ ఆ ఊరిదే. వంద ఊళ్ల దండారికి ఒక హెడ్డాఫీసు పెట్టాలని మన పెద్దలకు తోచలేదు.

మార్లవాయి మన పక్కనే ఉంది. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం చనిపోయాక నిజాం సర్కారు పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలుపెట్టించాడు. ముందు మనిషిని తయారుచేసి, ఆ మనిషి ఉన్నచోట బడి తెరిచారు. ఇప్పుడు ముందు ఊళ్ల జాబితా తయారవుతుంది, తర్వాత మనుషుల కోసం ప్రకటన వస్తుంది. నీలగిరుల్లో గూడలూరు దగ్గర అకార్డ్ అనే సంస్థ 1980ల మధ్యలో ఆదివాసుల భూమి హక్కుల కోసం మొదలైంది. వాళ్లు జిల్లాలు దాటి పరిగెత్తలేదు. అదే ప్రాంతంలో ఉండిపోయి, ఆదివాసులు తమ సొంత సంఘం కట్టుకునేలా చేశారు. 1990లో ఆసుపత్రి పెట్టి గూడేల అమ్మాయిలకే నర్సు పని నేర్పారు. బడి వచ్చింది, సంఘం పేర టీ తోట వచ్చింది. ఊళ్ల సంఖ్య చూసి మార్కులు వేసేవాళ్లకు అది చిన్న సంస్థే. ఆ ఊళ్లలోనే వేళ్లు దిగడాన్ని కొలిచే గడి ఎవరి ఫారంలోనూ లేదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. తొమ్మిది మంది టీచర్లు ఉన్నారు. అందులో గట్టిగా నిలబడ్డవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురి దగ్గర పక్క గూడేల నుంచి ఒక్కొక్కరు ఏడాది పాటు కూర్చుని పని నేర్చుకోవాలి. ఆ పక్క గూడెం ముందు కూర్చుని ఇంటికి రెండు వందలు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే బడి. ఏడాదికి మూడు ఊళ్లు. ఒక ఊరు నిలబడలేదంటే మరుసటి ఏడు కొత్తది లేదు. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు తగ్గితే కూడా కొత్తది లేదు. ఇప్పుడు మన దగ్గర అయిదు నెలలదే ఉంది, అంటే మన నియమం ప్రకారమే ఈ సంక్రాంతికి మనం ఆగాలి. పిల్లగాళ్లు కోప్పడినా సరే.

ఫౌండేషన్ డబ్బు ముట్టుకోవద్దని కూడా అనను. ఒకసారి ఖర్చయి మళ్లీ నెల నెలా అడగని పనులకు తీసుకుందాం. కొలామిలో పుస్తకం అచ్చుకు. నేర్చుకునే ముగ్గురికి ఏడాది తిండి ఖర్చుకు. రెండు గూడేల్లో రేకుల కప్పుకు. లెక్కలు రాయడం మన పిల్ల ఒకతెకు నేర్పించడానికి. టీచర్ల నెల జీతానికి మాత్రం వాళ్ల రూపాయి వద్దు. రెండు వేలు చాలదన్నది నిజం. దాన్ని మూడు వేలు చేయాలంటే నెలకు ఇంకో తొమ్మిది వేలు కావాలి. ఉద్యోగాలున్న మనం అయిదు వందలను ఎనిమిది వందలు చేస్తే పది వేల రెండు వందలు వస్తుంది. ముందు నేను వేస్తాను. ఎవరెవరు వేయరో ఆ రోజు చూద్దాం. పిల్లగాళ్లకు నీతులు చెప్పే ముందు మన జేబు చూసుకోవాలి కదా.

ఈ షరతులన్నీ ఒక కాగితం మీద రాశాను. మీటింగులో గోండిలో ఒకసారి, కొలామిలో ఒకసారి చదివిస్తాను. ఆ ఫౌండేషన్ వాళ్లను కూడా అదే రోజు రమ్మన్నాను. ఒప్పుకుంటే సంతకాలు చేద్దాం. ఒప్పుకోకపోతే జొన్నరొట్టె, పప్పు పెట్టి, చీకటి పడకముందే రోడ్డు దాకా దిగబెట్టి వద్దాం.